ముందే తేల్చేది, చేస్తూ తేలేది



2017 జూన్ 30 అర్ధరాత్రి ఢిల్లీలో పార్లమెంటు సెంట్రల్ హాలులో జరిగిన సభ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గంట పన్నెండు దాటగానే జీఎస్టీ అమల్లోకి వచ్చింది. వ్యాట్, ఎక్సైజ్, సర్వీస్ టాక్స్ లెక్కలతో ఏళ్ళ తరబడి నడిచిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ తెల్లవారేసరికి కొత్త లెక్క నేర్చుకోవాలి. ప్రతి బిల్లు మీదా 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. రాష్ట్రం లోపల అమ్మితే పన్ను రెండు ముక్కలు కావాలి, రాష్ట్రం దాటితే ఒకే ముక్కగా పడాలి. ఆ మార్పు వెనక దేశంలోని కంపెనీల ఐటీ విభాగాల్లో ఎన్నో నెలల శ్రమ ఉంది.

ఆ పనిలో తేదీ కదలదు. ప్రభుత్వం నిర్ణయించిన తేదీని ఏ ప్రాజెక్టు మేనేజరూ వారం వెనక్కి జరపలేడు. మరి పని? అది కదులుతూనే ఉంది. నెలనెలా మూడు రిటర్నులు వేయాలని మొదట అనుకున్నారు. వాటిలో రెండు పక్కకు పోయాయి, తాత్కాలికంగా తెచ్చిన 3బీ అనే రిటర్ను మాత్రం స్థిరపడింది. 2017 నవంబర్ 10న గువాహటిలో సమావేశమైన జీఎస్టీ కౌన్సిల్ 178 రకాల వస్తువుల మీద పన్నును 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించింది. అదే నెల 15 నుంచి అమలు. మధ్యలో దొరికింది నాలుగు రోజులు. సరుకు రవాణాకు కావాల్సిన ఈ-వే బిల్లు 2018 ఫిబ్రవరి 1న మొదలు కావలసి ఉండగా, పోర్టల్ తట్టుకోలేక ఏప్రిల్ 1కి వాయిదా పడింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లోపల సరుకు రవాణాకు ఏప్రిల్ 15న వచ్చింది.

తేదీ కదలదు, పని కదులుతుంది. ఈ రెండూ ఒకే ప్రాజెక్టులో ఉన్నప్పుడు పనిని ఎలా నడపాలి? ఈ రోజు నేను మీతో మాట్లాడదలచుకున్నది దీని గురించే.

కార్పొరేట్ ఐటీలో ప్రాజెక్టు నడపడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. పాత దారిలో ముందు అవసరాలన్నీ రాసుకుని సంతకాలు పెడతారు. ఆ తరవాత డిజైన్, ఆ తరవాత కోడ్, ఆ తరవాత పరీక్షలు, అన్నీ అయ్యాక వాడేవాళ్ళ చేతికి ఇవ్వడం. ఒక దశ ముగిశాకే మరో దశ. దీన్నే వాటర్‌ఫాల్ అంటారు. రెండోది అజైల్. ఇందులో పనిని చిన్న ముక్కలు చేసి, రెండేసి వారాలో మూడేసి వారాలో ఉండే స్ప్రింట్‌లుగా నడుపుతారు. ప్రతి స్ప్రింట్ చివరా పనిచేసే ముక్క ఒకటి వాడేవాళ్ళకు చూపిస్తారు. వాళ్ళు చెప్పినదాన్ని బట్టి తరవాత ఏం చేయాలో నిర్ణయిస్తారు. చేయాల్సిన పనుల జాబితాను బ్యాక్‌లాగ్ అంటారు. ఏది ముందు, ఏది వెనక అని తేల్చే మనిషి ప్రొడక్ట్ ఓనర్.

ఈ రెండు దారులవాళ్ళ మధ్య ఏళ్ళుగా వాదం నడుస్తోంది. మొదటి పత్రాలు తెరిచి చూస్తే మాత్రం వాదం అంత బలంగా కనిపించదు. 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికన్ ఇంజినీరు పెద్ద సాఫ్ట్‌వేర్ల నిర్మాణం మీద ఒక పత్రం సమర్పించారు. మెట్లుమెట్లుగా కిందికి దిగే ఆ ప్రసిద్ధమైన బొమ్మ అందులోదే. ఇలా ఒక్కసారిగా పైనుంచి కిందికి దిగిపోవడం ప్రమాదమని ఆయనే అందులో హెచ్చరించారు. పరీక్షలు చివరికి పెట్టుకుంటే, అక్కడ బయటపడే తప్పు మళ్ళీ డిజైన్ దాకా లాక్కెళుతుందన్నారు. కొత్త రకం పని అయితే ముందొక నమూనా కట్టి చూసుకోమన్నారు. ఇక 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది కలిసి అజైల్ మ్యానిఫెస్టో రాశారు. ప్రణాళికను పట్టుకుని వేలాడటం కన్నా మార్పుకు తగ్గట్టు నడవడమే ముఖ్యమన్నారు. ప్రణాళికకూ, పత్రాలకూ, ఒప్పందాలకూ కూడా విలువ ఉందని అదే పత్రంలో ఒప్పుకున్నారు. అవతలి దారికి చోటు ఇరువైపులవాళ్ళూ ఉంచారు. మధ్యలో గోడ లేపింది తరవాత వచ్చిన మనమే.

ఆ రెంటినీ కలపాలన్న ఆలోచన కూడా కొత్తదేం కాదు. బ్యారీ బోమ్, రిచర్డ్ టర్నర్ అనే ఇద్దరు 2003లో దీని మీద ఒక పుస్తకమే రాశారు. ప్రాజెక్టును ఐదు వైపుల నుంచి చూడమన్నారు. జట్టు ఎంత పెద్దది? తప్పు జరిగితే నష్టం ఎంత? అవసరాలు ఎంత వేగంగా మారుతున్నాయి? పనిచేసేవాళ్ళ అనుభవం ఎంత? ఆ సంస్థలో మనుషులు కట్టుబాటుకు అలవాటు పడ్డారా, స్వేచ్ఛకు అలవాటు పడ్డారా? ఈ ఐదింటికీ జవాబు చెప్పుకుంటే, ఎక్కడ గట్టి ప్రణాళిక కావాలో, ఎక్కడ చిన్న అడుగులు చాలో తెలుస్తుంది.

ఈ ఐదు ప్రశ్నలనూ నేను ఒక్క ప్రశ్నకు కుదిస్తాను. ఈ నిర్ణయాన్ని రేపు వెనక్కి తీసుకోవాలంటే ఎంత ఖర్చవుతుంది? వరి వేసే రైతును చూడండి. ఏ విత్తనం వేయాలి, ఎన్ని ఎకరాలు వేయాలి, కాలువకు నీళ్ళు ఎప్పుడు వదులుతారు, ఇవన్నీ దుక్కికి ముందే తేల్చుకుంటాడు. నాటాక విత్తనం మార్చలేడు కదా. కలుపు ఎప్పుడు తీయాలి, ఎరువు ఎంత చల్లాలి అన్నవి మాత్రం రోజూ గట్టు మీద నిలబడి, చేను చూసి నిర్ణయిస్తాడు. వెనక్కి తీసుకోలేనివి ముందే తేల్చుకోవాలి. చూస్తే తప్ప తెలియనివి చూస్తూ తేల్చుకోవాలి. ఐటీలో ఈ రెండు రకాల నిర్ణయాలనూ విడదీయడమే అసలైన పని. పాతదాంట్లో సగం, కొత్తదాంట్లో సగం కొలిచి కలిపితే పనికిరాదు.

జీఎస్టీ సంగతే తీసుకోండి. ఖాతా పుస్తకాల అమరిక, ఆడిట్‌కు చూపాల్సిన ఆధారాలు, పాత పన్నుల మీద మిగిలిన క్రెడిట్‌ను కొత్త లెక్కలోకి తేవడం, ఇవన్నీ మొదటి రకం. వీటిని స్ప్రింట్‌కోసారి మార్చుకుంటూ పోతే లెక్కలు ఛిన్నాభిన్నమవుతాయి. పన్ను శాతాలు, ఫారాలు, తెర మీద గడుల వరస, ఇవి రెండో రకం. ఈ తేడా గుర్తించిన జట్లు పన్ను శాతాలను కోడ్‌లో పాతిపెట్టకుండా విడిగా ఒక పట్టికలో ఉంచాయి. ఆ పట్టిక ఉంటుందన్న నిర్ణయం ముందే జరిగిపోయింది. అందులో ఏ అంకె ఉండాలన్నది ఎప్పటికప్పుడు నింపుకోవచ్చు. అలా కట్టుకున్నవాళ్ళకు నాలుగు రోజుల గడువు సరిపోయింది. 2025 సెప్టెంబర్ 22న శ్లాబులు మళ్ళీ మారి, ఎక్కువ వస్తువులు 5, 18 శాతాల్లోకి వచ్చినప్పుడూ వాళ్ళకు అదే పట్టిక అక్కరకొచ్చింది.

ఇప్పుడు ఒక పెద్ద ఉదాహరణ చెబుతాను. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తన కేసు ఫైళ్ళను కాగితం నుంచి కంప్యూటర్లోకి మార్చాలనుకుంది. మొదటి ప్రయత్నం పేరు వర్చువల్ కేస్ ఫైల్. దాని అవసరాల పత్రమే 800 పేజీలు దాటింది. 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, 2005లో దాన్ని మూసేశారు. 2006లో సెంటినెల్ పేరుతో రెండో ప్రయత్నం మొదలైంది. నాలుగు దశలుగా, బయటి సంస్థకు కాంట్రాక్టు ఇచ్చి నడిపారు. 2009 చివరికల్లా ముగియాలన్నది ప్రణాళిక. 2010 నాటికి 45 కోట్ల 10 లక్షల డాలర్ల బడ్జెట్‌లో 40 కోట్ల 50 లక్షల దాకా ఖర్చయిపోయాయి. చేతికి వచ్చింది నాలుగు దశల్లో రెండే.

అప్పుడు ఎఫ్‌బీఐ పనిని తన చేతుల్లోకి తీసుకుంది. సుమారు 220 మంది కాంట్రాక్టు సిబ్బందిని 40కి తగ్గించి, రెండు వారాల స్ప్రింట్‌లతో అజైల్ పద్ధతిలో నడిపింది. ప్రతి స్ప్రింట్ చివరా తయారైన ముక్కను చూపించారు. ఏళ్ళ తరబడి కదలని పని కదిలింది. ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఇక్కడే ఆపి, అజైల్ గెలిచిందంటారు. నా దృష్టిలో అసలు పాఠం దీని తరవాత ఉంది.

2011 అక్టోబర్‌లో 700 మందికి పైగా సిబ్బందిని ఒకేసారి సెంటినెల్‌లో కూర్చోబెట్టి పెద్ద పరీక్ష చేశారు. ఆ పరీక్షలో సిస్టమ్ రెండుసార్లు ఆగిపోయింది. ఉన్న సర్వర్ల సామర్థ్యం చాలదని తేలింది. సాఫ్ట్‌వేర్ రెండు వారాలకో ముక్క చొప్పున పెరుగుతుంది. సర్వర్లు అలా పెరగవు. వాటికి అంచనా వేయాలి, డబ్బు మంజూరు కావాలి, ఆర్డరు ఇవ్వాలి, సరుకు రావాలి, బిగించాలి. ఆ పని అయ్యాక, 2012 జూలై 1న సెంటినెల్ సంస్థ మొత్తానికీ అందుబాటులోకి వచ్చింది. ఈ కాలమంతా బడ్జెట్ పరిమితి అలాగే ఉంది. అమెరికా న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ తనిఖీలూ, వాటి నివేదికలూ ఆగలేదు. ఏజెంటు ఫారం ఎలా నింపాలన్నది చూస్తూ తేల్చుకోవలసిన విషయం, అక్కడ చిన్న అడుగులు నెగ్గాయి. వేలమంది ఒకేసారి వాడితే యంత్రాలు తట్టుకుంటాయా అన్నది ముందే లెక్క వేసుకోవలసిన విషయం, అది ఆలస్యంగా బయటపడింది.

వెనక్కి తీసుకోలేని నిర్ణయానికి ఇంకో ఉదాహరణ బ్రిటన్‌లో ఉంది. 2018 ఏప్రిల్‌లో టీఎస్‌బీ అనే బ్యాంకు సుమారు 52 లక్షల మంది ఖాతాదారుల వివరాలను ఒకే వారాంతంలో పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మార్చింది. సోమవారం నాటికి లక్షలాది మంది తమ ఖాతాలు తెరవలేకపోయారు. బ్యాంకు బోర్డు వేయించిన విచారణ 2019లో ఒక సంగతి బయటపెట్టింది. రెండు డేటా సెంటర్ల మీద నడవాల్సిన సిస్టమ్‌కు సామర్థ్య పరీక్షలు ఒకదాని మీదే జరిగాయి. 2022 డిసెంబర్‌లో నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల 50 వేల పౌండ్ల జరిమానా వేశాయి. వెళ్ళాక తిరిగి రాలేని చోటికి వెళ్ళే ముందు దారి మొత్తం నడిచి చూసుకోవాలి. అక్కడ రిహార్సల్ కావాలి, చెక్‌లిస్టు కావాలి, ఆపే అధికారం ఎవరిదో ముందే రాసి ఉండాలి. ఏ పద్ధతిలో కోడ్ రాసినా ఇది తప్పదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో ఈ రెండు పద్ధతుల కలయికను నేను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. ఇందులో నన్ను బాగా బాధపెట్టే విషయం ఒకటుంది. కొన్ని ప్రాజెక్టుల్లో వాటర్‌ఫాల్ నుంచి తేదీని తీసుకుంటారు, అజైల్ నుంచి మార్పులను తీసుకుంటారు. ధర ముందే ఖాయం, గో-లైవ్ తేదీ ఖాయం, పని పరిమాణమూ ఖాయం. పైగా అజైల్ కాబట్టి ఎప్పుడైనా మార్పు అడగవచ్చు. పని, డబ్బు, కాలం మూడూ కదలకుండా బిగించేసి, మార్పుకు మాత్రం తలుపు తెరిచి ఉంచితే ఏదో ఒకటి విరగాల్సిందే. మొదట నాణ్యత విరుగుతుంది, పరీక్షలు కుదించేస్తారు. తరవాత మనుషులు విరుగుతారు. శనివారాలు పోతాయి, ఆదివారాలు పోతాయి. రాత్రి పదింటికి కాల్, పొద్దున్న తొమ్మిదింటికి స్టాండప్ మీటింగు. పాతికేళ్ళ పిల్లలు నిద్ర లేక, ఇంట్లోవాళ్ళతో మాట్లాడే తీరిక లేక నలిగిపోతున్నారు. ఇది పద్ధతుల కలయిక కాదు. రెండు పద్ధతుల బరువునూ ఒకే జట్టు భుజాల మీద పెట్టడం. దీనికి హైబ్రిడ్ అని పేరు పెట్టి సమర్థించుకోకూడదు.

సరైన కలయికకు నాలుగు చోట్ల అతుకు గట్టిగా వేయాలి.

మొదటిది ఒప్పందం. ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టులో కూడా మార్పుకు చోటు పెట్టవచ్చు. దానికి ఒక మాట ముందే రాసుకోవాలి: కొత్త పని ఒకటి లోపలికి వస్తే, అంతే పరిమాణమున్న పాత పని ఒకటి బయటికి వెళ్ళాలి. ఇంకా మొదలుపెట్టని పని ఏదైనా ఇలా మార్చుకోవచ్చు. ఇలాగైతే క్లయింటుకు స్వేచ్ఛ ఉంటుంది, జట్టుకు రక్షణ ఉంటుంది. ప్రతి చిన్న మార్పుకూ చేంజ్ రిక్వెస్ట్ కాగితం పట్టుకుని వారాల తరబడి తిరగాల్సిన పని ఉండదు.

రెండోది జట్ల మధ్య లయ. ఒక బ్యాంకులో మొబైల్ యాప్ జట్టు రెండు వారాలకోసారి రిలీజ్ ఇవ్వగలదు. లెక్కలన్నీ నడిచే కోర్ బ్యాంకింగ్ జట్టుకు అది కుదరదు, మూడు నెలలకోసారి ఇస్తుంది. యాప్‌లో కొత్త బటన్ ఆరు వారాల్లో సిద్ధమైనా, దాని వెనక కోర్‌లో కావాల్సిన మార్పు నాలుగో నెల దాకా రాదు. ఇక్కడ వేగంగా నడిచే జట్టును తిట్టి లాభం లేదు, నెమ్మదిగా నడిచే జట్టును తొందరపెట్టీ లాభం లేదు. రెండు సిస్టమ్‌లూ ఒకదానితో ఒకటి ఏ సమాచారం, ఏ రూపంలో ఇచ్చిపుచ్చుకుంటాయో మొదటి నెలలోనే రాసి ఖాయం చేసుకోవాలి. ఆ ఒప్పందం కదలకుండా ఉంటే, దానికి ఇటూ అటూ ఎవరి నడక వాళ్ళు నడవవచ్చు. కోర్ జట్టు పని పూర్తయ్యేదాకా యాప్ జట్టు ఒక నకిలీ జవాబుతో పరీక్షించుకుంటూ ముందుకు పోవచ్చు.

మూడోది రాతపని. అజైల్ అంటే పత్రాలు అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. కానీ కొన్ని చోట్ల అది కుదరదు. హైదరాబాద్ మందుల కంపెనీలు అమెరికాకు మందులు పంపుతాయి. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో ఎలక్ట్రానిక్ రికార్డులకూ, సంతకాలకూ నిబంధనలు తెచ్చింది. ల్యాబ్ ఫలితాన్ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారన్నది సిస్టమ్‌లో కనిపించాలి. ఆ సాఫ్ట్‌వేర్ పరీక్షల ఆధారాలు రాతపూర్వకంగా ఉండాలి. అవి చివర్లో ఒకేసారి రాయాలంటే రెండు నెలలు పడుతుంది, అందులో సగం జ్ఞాపకం మీద ఆధారపడుతుంది. ప్రతి స్ప్రింట్‌లోనూ ఆ ముక్కకు సంబంధించిన ఆధారాన్ని కూడా పూర్తి చేస్తేనే పని అయినట్టు అని నియమం పెట్టుకుంటే, పాత పద్ధతి అడిగే కాగితం కొత్త పద్ధతి వేగంతోనే తయారవుతుంది.

రాతపనికి మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. అజైల్ మ్యానిఫెస్టో రాసినవాళ్ళు ముఖాముఖి మాటనే అన్నిటికన్నా మంచి మార్గమనుకున్నారు. జట్టులో సగం హైదరాబాద్‌లో, సగం అమెరికాలోని డాలస్‌లో ఉందనుకోండి. రెండు ఊళ్ళకూ మధ్య వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. ఇక్కడ ఒకరు నిద్రలేచేసరికి అక్కడ ఇంకొకరు ఇంటికెళ్ళే వేళ. అలాంటి జట్టులో నోటిమాటగా తీసుకున్న నిర్ణయం సముద్రం దాటేసరికి రెండు నిర్ణయాలవుతుంది. నాలుగు వాక్యాల్లో నిర్ణయమూ, దాని కారణమూ రాసి పెడితే ఒక రాత్రి కాల్ తగ్గుతుంది.

నాలుగోది పైవాళ్ళకు ఇచ్చే లెక్క. స్టీరింగ్ కమిటీ పని ఎంత శాతం అయిందని అడుగుతుంది. 80 శాతం అని ఎర్ర, పసుపు, ఆకుపచ్చ రంగుల పట్టిక చూపిస్తారు. ఆ మిగతా 20 శాతంలోనే కష్టమైనదంతా దాక్కుని ఉంటుంది. డబ్బు ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది, తేదీకి ఎన్ని వారాలున్నాయి అన్న ప్రశ్నలు పాత పద్ధతివే, అవి తప్పనిసరిగా అడగాలి. పని ఎంత అయిందన్న దానికి మాత్రం జవాబు శాతంలో ఇవ్వకండి. ఏ ముక్క పనిచేస్తోందో తెర మీద చూపించండి. ఇంకా చూపించలేనివి ఏవో పేరు పెట్టి చెప్పండి. పని ఇబ్బందిలో ఉందని పసుపు రంగు వేసే ధైర్యం మేనేజరుకు ఉండాలి, దాన్ని చూసి శిక్షించని ఓర్పు పైవాళ్ళకు ఉండాలి.

ఈ నాలుగు అతుకులనూ చూసుకునే మనిషి ఒకరుండాలి. ప్రాజెక్టు మేనేజరు తేదీల వైపు చూస్తారు, అజైల్ పద్ధతి సాగేలా చూసే స్క్రమ్ మాస్టర్ జట్టు వైపు చూస్తారు, ప్రొడక్ట్ ఓనర్ బ్యాక్‌లాగ్ వైపు చూస్తారు. అతుకు ఎవరి చూపులోనూ పడదు. పేరు ఏదైనా కావచ్చు, ఆ బాధ్యత ఫలానా మనిషిదని రాసి ఉండాలి. ఆ మనిషికి ఒక తేదీని ప్రశ్నించే హక్కూ, ఒక మార్పును వెనక్కి పంపే హక్కూ ఇవ్వాలి. బాధ్యత ఇచ్చి హక్కు ఇవ్వకపోతే ఆ మనిషి రెండువైపులా మాటలు మోసేవాడిగా మిగిలిపోతాడు.

కొత్త ప్రాజెక్టు మొదలుపెడుతున్న మిత్రులారా, మొదటి సమావేశంలో ఒక కాగితం మీద మూడు జాబితాలు రాయండి. వెనక్కి తీసుకోలేని నిర్ణయాలు ఏవి? వాడి చూస్తే తప్ప తేలనివి ఏవి? ఈ రెండూ తగువు పడినప్పుడు తేల్చే మనిషి ఎవరు? మూడో జాబితాలో ఒక్క పేరే ఉండాలి. ఇక జట్టులో కొత్తగా చేరిన తమ్ముళ్ళకూ, చెల్లెళ్ళకూ ఒక మాట. ఆ కాగితం మీకు చూపించకపోతే అడగండి. పని, డబ్బు, కాలం మూడింటిలో మన ప్రాజెక్టులో కదిలేది ఏదని అడగండి. ఏదీ కదలదన్న జవాబు వస్తే, కదిలేది మీ నిద్రే అని తెలుసుకోండి. ఆ సంగతి మొదటి వారంలోనే, మర్యాదగా, నలుగురూ వినేలా చెప్పండి. అప్పుడు చెబితే ప్రణాళిక మారుతుంది. ఆఖరి నెలలో చెబితే ఎవరూ ఏమీ చేయలేరు.